ఫ్రిజ్‌ను జరిపి తీసిన ఫోటో

విజయనగరంలో పాత పెంకుటిళ్ళ ఫోటోలు తీసిన రోజుల గురించి నేను చాలా చోట్ల మాట్లాడాను. ఒక ప్లగ్గు సంగతి మాత్రం ఎక్కడా చెప్పలేదు.

పన్నెండేళ్ళ కిందటి మాట. వరసగా ఇళ్ళు కూలి అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. అవి పోకముందే లోపలి గదుల్ని ఉన్నది ఉన్నట్టుగా తీస్తానని ఊరంతా చెప్పుకుని బయలుదేరాను. మొదటి ఇంట్లోనే మాట తప్పాను. ముందుగదిలో, గుమ్మంలోంచి చూడగానే కనబడే చోట ఎర్ర ఫ్రిజ్. దాని మీద లేసు గుడ్డ, ప్లాస్టిక్ గులాబీలు, తలుపుకు దసరానాటి కుంకుమబొట్లు. వెనకున్న అందమైన చెక్క స్తంభానికి అదే అడ్డం. జరుపుదామా అని ఇంటావిడను అడిగాను.

"ఏటి బాబూ, ఉన్న ఒక్క మంచి వస్తువూ దాసేసి బూజు గోడలు తీత్తావా? నీ కళ్ళు బానే ఉన్నాయా?"

బతిమాలి ఒప్పించాను. ఆవిడ టీ పెట్టడానికి వెళ్ళగానే ప్లగ్గు పీకి, ఫ్రిజ్ పక్కకు నెట్టి ఫోటో తీశాను. మళ్ళీ దాన్ని చోటుకు చేర్చి, లేసు గుడ్డ కూడా సర్ది, టీ తాగి వచ్చేశాను. ప్లగ్గు పెట్టడం మరిచాను. ఆ సాయంత్రమే ఆవిడ ఇంటికి తాళం వేసి నెల్లిమర్లలో చెల్లెలింటికి వెళ్ళి, మర్నాడు పొద్దున గానీ తిరిగి రాలేదట. ఆ వరసలోని నాలుగిళ్ళకీ అదొక్కటే ఫ్రిజ్. అందరి పాలూ పిండీ అందులోనే.

మర్నాడు ఫోటో ఇవ్వడానికి వెళ్ళేసరికి పక్కింటావిడ పిండిగిన్నె పట్టుకుని గుమ్మంలో ఉంది.

"సూడొదినా, పులిసి పొంగిపోయింది. మా అమ్మాయిని సూడ్డానికొచ్చినోళ్ళకి ఏటి పెట్టమంటావు?"

"నేను ప్లగ్గు ముట్టుకోలేదే, ఒట్టు!"

"మరెవులు తీసినారు, ఎలకా? ఊరెళ్తా కరెంటు మిగుల్తాదని తీసేసుంటావు."

ఇంటావిడ నా వైపు తిరిగింది. "బాబూ, నువ్వు సెప్పు. నిన్న నువ్వొచ్చినప్పుడు ఫ్రిజ్జు లైటు ఎలగలేదా?"

"వెలిగిందమ్మా," అన్నాను. అబద్ధమేమీ కాదు. నేను వచ్చినప్పుడు వెలిగింది.

"ఇన్నావా! అయితే ఆ తరవాత నువ్వే తీసినావు," అంది పక్కింటావిడ.

నేను ఫోటో ఇంటావిడ చేతిలో పెట్టి జారుకున్నాను. ఆ రోజు నుంచి ఆ ఫ్రిజ్‌లో ఎవరూ పిండి పెట్టలేదని తర్వాత విన్నాను. ఆవిడకు పిసినారి అని పేరు పడింది. ఫోటోకు మాత్రం మంచి పేరొచ్చింది.

కిందటేడు కొత్త ఇళ్ళ ఫోటోల కోసం అక్కడికే వెళ్ళాను. పెంకుటిళ్ళ చోట అయిదంతస్తులు. నాలుగు కుటుంబాలకూ తలో ఫ్లాటు, తలో ఫ్రిజ్. ఆడవాళ్ళు లిఫ్టు దగ్గర కూర్చుని గోంగూర వలుస్తున్నారు. పక్కింటావిడ నన్ను గుర్తుపట్టింది.

"మా ఒదిన ఫ్లాటు తీత్తావా? టార్చిలైటు అట్టుకెళ్ళు బాబూ, ప్లగ్గులన్నీ పీకేసుంటాది!"

అందరూ నవ్వారు. వాళ్ళ మధ్యే కూర్చున్న ఆ ఫ్రిజ్ ఇంటావిడా నవ్వింది. కానీ గోంగూర వలుస్తున్న చేయి ఆగిపోయింది.

దగ్గరికి వెళ్ళి వంగి, తప్పు నాదేనని మెల్లగా చెప్పాను. ఆవిడ నన్ను తేరిపార చూసింది.

"ఇన్నేళ్ళా బాబూ, నోరు పెగలడానికి? నా సెవిలో ఊదితే ఏటి లాభం? ఆళ్ళకి సెప్పు. గట్టిగా సెప్పు, మా పక్కింటొదినకి కుడి సెవి ఇనపడదు."

నిటారుగా నిలబడి, మెట్ల మీది వాచ్‌మన్ కూడా తిరిగి చూసేంత గట్టిగా చెప్పాను. "ఆ రోజు ప్లగ్గు తీసింది నేను. మళ్ళీ పెట్టడం మరిచిందీ నేనే. ఈవిడకేమీ తెలీదు. నేనే తెలిసి కూడా నోరు మూసుకున్నాను. నన్ను క్షమించండి."