వల కన్ను, బాండ్ లెంగ్త్

2023 వర్షాకాలం. మద్దిలపాలెం జంక్షన్ దగ్గర థీసిస్‌లు టైప్ చేసి, బొమ్మలు గీసిచ్చే షాపులో పనిచేస్తున్నాను. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివినందుకు రసాయన నిర్మాణాలు గీసే పని నాకే వచ్చేది.

ఆ మధ్యాహ్నం నూకరత్నం అక్క వచ్చింది. యారాడలో చేపలు పట్టే ఇంటి అమ్మాయి. సముద్రపు నాచులోంచి తీసిన పదార్థాల మీద పరిశోధన. బొమ్మలన్నీ ఒకే స్కేల్లో లేవని జర్నల్ ఆమె పేపరును వెనక్కి పంపింది. సాయంత్రం పోర్టల్ మూసేలోగా సరిచేసి పంపకపోతే మళ్లీ కొత్త పేపరుగా మొదటి నుంచి వెళ్లాలి. అది ఆమోదం పొందితేగానీ థీసిస్ ఇవ్వడానికి లేదు.

"అన్నీ ఒకే సైజులో పెట్టాను కదా తమ్ముడూ! ఇంకేటి కావాలంట ఆళ్లకి?"

ఫైల్ తెరిచాను. నిజమే, ప్రతి బొమ్మనూ మూల పట్టుకు లాగి ఒకే వెడల్పుకు తెచ్చింది. తప్పు అక్కడే ఉంది. చిన్న అణువు సాగి దాని ఆరు మూలల ఉంగరం పూరీ అంత అయింది. పెద్ద అణువు నలిగి అదే ఉంగరం పప్పుబద్దంత అయింది. సమానంగా ఉండాల్సింది బొమ్మ వెడల్పు కాదు, బాండ్ లెంగ్త్. అంటే, రెండు పరమాణువుల్ని కలిపే గీత పొడవు.

వరసగా వెళ్లాను. ముందు జర్నల్ టెంప్లేట్. అందులో బాండ్ లెంగ్త్, గీత మందం, అక్షరం సైజు. ఆ తర్వాత ప్రతి బొమ్మకూ స్కేల్ నూరు శాతం. కుర్చీ వేసినా అక్క కూర్చోలేదు. ఫోన్ చూసుకుంటూ నా వెనకే అటూ ఇటూ తిరుగుతోంది.

చివరి అణువు దగ్గర ఆగిపోయాను. దానికి పొడవాటి కార్బన్ తోక. నూరు శాతంలో గీస్తే మార్జిన్ దాటింది. వర్డ్‌లో పెట్టగానే అదే చెప్పాపెట్టకుండా డెబ్బైకి కుదించేసింది. మళ్లీ నూరుకి తెస్తే తోక తెగింది.

"ఏటి సేత్తన్నావ్? ఆ ఒక్కదాన్నీ సిన్నది సేసీ. ఎవుడు సూత్తాడు?"

"రివ్యూయర్ ముందు అదే చూస్తాడక్కా. పేజీ అడ్డంగా తిప్పేద్దామా?"

"ఒప్పుకోరు. అదీ రాశారు."

ఆమె తెర మీదకి వంగింది. ఉన్నట్టుండి నవ్వింది. "ఓలమ్మ! వల బుట్టలో పట్టకపోతే మడతెడతాం గానీ, కన్ను సిన్నది సేత్తామేటి? తోక మడతెట్టీ!"

వలలో ఒక్కో గడినీ వాళ్ల ఊళ్లో కన్ను అంటారు. వల ఎంత మడిచినా కన్ను కన్నే.

తోకను కిందికి వంచబోయాను. ఆమె దాదాపు అరిచింది. "అక్కడ కాదు! అది డబుల్ బాండ్. అక్కడ తిప్పితే నా పదార్థమే మారిపోద్ది. ఆగు, నాను సెప్తాను. ఇదిగో, ఈ సింగిల్ బాండ్ దగ్గర తిప్పు."

తిప్పాను. తోక ఉంగరం కిందికి వచ్చి మార్జిన్ లోపల కూర్చుంది. స్కేల్ నూరు.

అప్‌లోడ్ సగంలో నెట్ పోయింది.

"ఆగిపోనాదేటి?"

"నా ఫోన్ నెట్ పెడుతున్నానక్కా."

పేపరు అందినట్టు ఆమె ఫోన్‌కి మెయిల్ వచ్చాకే కుర్చీలో కూలబడింది. బొమ్మల గురించి జర్నల్ మళ్లీ అడగలేదు.

బొమ్మ పేజీలో పట్టకపోతే నా చెయ్యి ఇప్పటికీ మూల వైపే పోతుంది. అక్కడే ఆపుకుంటాను. ఎక్కడ మడవవచ్చో వెతుకుతాను. ఎక్కడ మడవకూడదో మాత్రం ఆ అణువుతో ఏళ్లు గడిపినవాళ్లని అడుగుతాను.