సోములు మావ రుచి చూసిన బిస్కెట్టు

నరసన్నపేట బజారులో సోములు మావ నలభై ఏళ్ళుగా తవుడు, తెలగపిండి అమ్ముతున్నాడు. ఏ మిల్లు బస్తా వచ్చినా చిటికెడు తీసి నాలుక మీద వేసుకుంటాడు. ఊక కలిస్తే గుచ్చుకుంటుంది, పాతదైతే చేదెక్కుతుంది. ఆయన బాగుందంటే రైతు మారుమాట లేకుండా బస్తా ఎత్తుకుపోతాడు. నేనూ ఆ నాలుకను నమ్మినవాణ్ణే. అందుకే నామీద నాకు ఇప్పటికీ మంట.

కర్రి ఆయన కొట్లో పెరిగిన నల్లకుక్క. పిల్లల్లేని మావకీ లక్ష్మణమ్మత్తకీ అదే లోకం. మావ కసిరితే అత్త వెనక దాక్కునేది, అత్త కసిరితే మావ వెనక. పదకొండో ఏట తిండి తగ్గించేసింది. పశువుల డాక్టరు రక్తం పరీక్ష చేయించి, కిడ్నీలు దెబ్బతిన్నాయని చెప్పి, మందులిచ్చి, తేలిక తిండి పెట్టమన్నాడు. ఏది తేలికో ఆయన చెప్పలేదు, మేము అడగలేదు.

విజయనగరంలో ఒక షాపులో కుక్క బిస్కెట్ల పొట్లం చూశాను. నిగనిగలాడే కుక్క బొమ్మ, కింద ఇంగ్లీషులో 'కిడ్నీలకు రక్ష, అంతా సహజం' అని పెద్దక్షరాలు. కొని తెచ్చింది నేనే.

"బొమ్మ సూసి సరుకు కొంటామేటి? ఉండు," అన్నాడు మావ.

ఒక బిస్కెట్టు నలిపి గ్లాసు నీళ్ళలో వేశాడు. ఊక తేలలేదు. కాస్త నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకున్నాడు.

"కల్తీ లేదురా. ఉప్పు కూడా ఏసినాడు, మంచోడే."

మా వైపు కుడితిలో గుప్పెడు ఉప్పు వేయని ఇల్లు లేదు. పశువుకు ఉప్పు బలమని మావ చిన్నప్పటినుంచీ ఎరుగును. జబ్బు కుక్క సంగతి వేరని ఆయనకు ఎవరు చెప్పారు? చదువుకున్న నేను పొట్లం వెనక చీమతలకాయంత అక్షరాలు చదవలేదు.

కర్రి ఆ బిస్కెట్లు ఆశగా తింది. గిన్నెలకు గిన్నెలు నీళ్ళు తాగింది.

"సూసినావా నాయనా, ఎలా తింటన్నాదో," అని అత్త మురిసిపోయింది. నేనూ మురిశాను.

రెండు నెలలకు కర్రి లేవలేకపోయింది. దాన్నీ ఆ పొట్లాన్నీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. డాక్టరు పొట్లం వెనక్కి తిప్పి చదివాడు.

"ఇందులో ఉప్పు ఎక్కువ. ఈ జబ్బుకి ఇది పెట్టకూడదు."

"కిడ్నీలకి మంచిదని రాసినాడు కదండీ," అన్నాడు మావ.

"అమ్ముకోవడానికి రాస్తాడు. ఇప్పుడు మానేసినా పెద్దగా లాభం లేదు."

ఇంటికొచ్చాక మావ కర్రికి పాలు పెట్టాడు, చప్పిడన్నం పెట్టాడు. అది ముట్టకుండా బిస్కెట్ల పొట్లం వైపే చూసింది. అప్పుడాయన ఒక బిస్కెట్టు గిన్నెలో నానబెట్టి, నీళ్ళు వంపేసి, నాలుక మీద పెట్టుకున్నాడు.

"ఇంకా ఉన్నాది," అని మళ్ళీ నీళ్ళు పోశాడు. నాలుగోసారికి ఉప్పు పోయింది. మిగిలిన ముద్దను అరచేతిలో పెట్టి చాపాడు. కర్రి వాసన చూసి మొహం తిప్పుకుంది.

"ఉప్పుదే ఎట్టెయ్. ఎలాగూ ఉండదు కదా, ఆకలితో ఎందుకు సంపడం," అంది అత్త.

మావ తల అడ్డంగా ఊపాడు. ఆ రాత్రంతా బిస్కెట్లు కడుగుతూనే ఉన్నాడట. తెల్లవారాక అత్త మాట విని ఉప్పు బిస్కెట్టే తీసి దాని మూతి దగ్గర పెట్టాడు. అప్పటికి కర్రికి అదీ తినే ఓపిక లేకపోయింది.