భయమేస్తే కుట్టిన బొంత

పొద్దున్నే ఫోన్లో హెచ్చరిక వచ్చింది, కొండల్లో వాన పడుతోంది, వాదీలు దాటవద్దని. ఏడాదంతా ఎండిపోయి ఉండి, వానొస్తే ఒక్కసారిగా మీద పడే కొండవాగుల్ని ఈ అరబ్బు దేశంలో వాదీలంటారు. రాజధానిలో, ఖురం పేటలోని మా అమ్మాయి ఫ్లాటులో, ఆరో అంతస్తులో కూర్చున్న నాకు వాదీతో పనేముంది? అయినా లేచి బీరువాలోంచి బొంత తీసి కాళ్ల మీద కప్పుకున్నాను. మా మనవరాలు చూసి, "అమ్మమ్మా, దీన్ని అద్దాల ఫ్రేములో పెట్టి హాల్లో తగిలిద్దాం, ఇలాంటివి ఇప్పుడు ఎంత అపురూపమో తెలుసా?" అంది. కప్పుకునేదాన్ని గోడకు తగిలించడమేమిటో నాకర్థం కాలేదు. ముందు ఎండలో వెయ్యనీ, తర్వాత గోడ సంగతి చూద్దామన్నాను.

ఈ బొంత కుట్టినావిడ నాకు చుట్టం కాదు. డెబ్బైల మధ్యలో, ఇక్కడే కొండల దగ్గరున్న ఇబ్రా ఊరి ఆసుపత్రిలో నర్సుగా చేరినప్పుడు నాకిచ్చిన రూములో అప్పటికే ఉంటున్న సీనియర్ నర్సు. నాది కాకినాడ పక్క, ఆవిడది గోదావరి లంక. మొదటి రోజు "అక్కా" అన్నాను, అంతే. నా తిండి, నిద్ర, జడ అన్నీ ఆవిడ అధికారం కిందికి వెళ్లిపోయాయి. పెళ్లయిన కొత్తలోనే ఆవిడ భర్త పడవ మునిగి పోయాడు. ఆ తర్వాత నర్సు ట్రైనింగు చేసి ఇంత దూరం వచ్చింది. పెట్టెలో బైబిలుతోపాటు ఆయన పంచెలు, వాళ్లమ్మ కట్టి వదిలేసిన నేత చీరలు తెచ్చుకుంది. వాటినే పొరలు పొరలుగా పరిచి, దబ్బనంతో ఈ బొంత కుట్టింది.

అంత పిరికి మనిషిని నేను మళ్లీ చూడలేదు. డ్యూటీలో ఎంత రక్తం చూసినా చలించేది కాదు గానీ, రూములో బల్లి కనిపిస్తే మంచమెక్కేది. ఎండిపోయిన వాదీని జీపులో దాటుతున్నా కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టేది. "నీళ్లే లేవు కదక్కా" అంటే, "ఇప్పుడు లేవులేవే" అనేది. భయమేసినప్పుడల్లా బొంత ఒళ్లో వేసుకుని కూర్చునేది. అందుకే దీని కుట్లు ఒకచోట బద్ధకంగా, దూరదూరంగా ఉంటాయి, మరోచోట చీమ దూరనంత దట్టంగా ఉంటాయి. ఈ మూలంతా ఈ దేశం దక్షిణాన జరుగుతున్న యుద్ధం కబుర్లు వినిపించిన రోజుల్లోది. ఈ అంచు, ఇంటి నుంచి ఎంతకీ ఉత్తరం రాని నెలలోది.

ఒక మధ్యాహ్నం అవతలి ఊళ్లో పిల్లలకు టీకాలు వేసి డ్రైవరుతో తిరిగొస్తున్నాను. మా నెత్తిన చుక్క వాన లేదు, ఎండ కాస్తోంది. మా ఆసుపత్రికి దగ్గర్లోనే, వాదీ నడిమధ్యలో జీపు రాళ్లలో ఇరుక్కుంది. చక్రం కింద రాళ్లు సర్దుతున్న డ్రైవరు తలెత్తి కొండల వైపు చూశాడు. లారీలు వరసగా వస్తున్నట్టు చప్పుడు. "సిస్టర్, ఊపర్ చఢో, జల్దీ!" అని అరిచాడు. ఇద్దరం జీపు కప్పు మీదికి ఎక్కామో లేదో, ఎర్రటి బురదనీళ్లు వచ్చేశాయి. ఖర్జూరపు మట్టలు, విరిగిన తలుపు, ఒక మేక మా పక్కనుంచి కొట్టుకుపోయాయి. ఆ మేక ఇప్పటికీ నా కలలోకి వస్తుంది. జీపు కదిలినప్పుడల్లా ప్రాణం పోయినంత పనయ్యేది. గట్టు మీదినుంచి ఊరివాళ్లు మోకు విసిరారు. డ్రైవరు దాని కొస జీపుకు బిగించి, ఆ మోకు పట్టుకుని ముందు నన్ను దిగమన్నాడు. నీళ్లు ఇంకా పెరుగుతున్నాయి. నా వేళ్లు కప్పు మీది కడ్డీని వదిలితే కదా! నాకు ఆయన అరుపులు వినిపిస్తున్నాయి, వేళ్లకే వినిపించడం లేదు.

అప్పుడు గట్టు మీద అక్క కనిపించింది. కబురు తెలియగానే ఉన్నపళంగా పరిగెత్తుకొచ్చిందట, కుడుతున్న బొంత చంకలోనే ఉంది. "దిగవే! దిగమంటుంటే నీక్కాదూ!" అని తిట్లు లంకించుకుంది. నేను కదల్లేదు. "రావూ? అయితే నేనే వత్తన్నాను, ఉండు!" అని బొంత గట్టున పడేసి, మోకు పట్టుకుని నీళ్లలోకి దిగింది. ముందు మోకాళ్లు మునిగాయి, తర్వాత నడుము. ఆవిడకు ఈత రాదు. భయంతో ముఖంలో నెత్తురుచుక్క లేదు. ఊరివాళ్లు వెనక్కి లాగుతుంటే విదిలించుకుని ఇంకో అడుగు వేసింది. నా చావు సంగతి మరిచిపోయాను. ఆవిడ నా కళ్ల ముందే కొట్టుకుపోతుందన్న భయం పట్టుకుంది. "వస్తున్నానక్కా, నువ్వు రాకు!" అని ఏడుస్తూ దిగాను.

గట్టెక్కగానే ఒక లెంపకాయ కొట్టి, బొంత నాకు చుట్టేసింది. అందులోనే ఉండిపోయిన దబ్బనం నా భుజంలో దిగింది. కెవ్వుమన్నాను. అక్క నవ్విందో ఏడ్చిందో నాకిప్పటికీ తెలీదు. మా వెనకే డ్రైవరు కూడా ఒడ్డెక్కాడు. జీపు మాత్రం మర్నాడు ఎంతో దూరాన, తలకిందులుగా దొరికింది.

దాంతో ఆవిడకు ధైర్యం వచ్చిందనుకునేరు, అదేం లేదు. ఆ వారమే బల్లిని చూసి మళ్లీ మంచమెక్కింది. కొన్నేళ్లకు ఉద్యోగం మానేసి ఊరెళ్లిపోతూ, "నీకు చలెక్కువ" అని బొంత నా మంచం మీద పెట్టి వెళ్లింది. తర్వాత ఎన్నాళ్లో బతకలేదు. ఆ సంగతీ నాకు ఆలస్యంగానే తెలిసింది.

వాదీలోకి దిగిన నాటికి ఆవిడకు ముప్పై అయిదేళ్లు కూడా లేవు. ఇవాళ లెక్కేస్తే అప్పటి అక్క మా అమ్మాయి కన్నా చిన్నది. కాలం నా కళ్లలో ఆవిడను ఆ వయసులోనే ఉంచేసి నన్ను మాత్రం ముసలిదాన్ని చేసింది, అయినా భయమేస్తే నా నోట ఇంకా "అక్కా" అనే వస్తుంది.