ఎర్రరాయికి బొట్టు

2023లో, ఆయుధపూజ అయిపోయిన తర్వాతి రోజుల్లో జరిగిన సంగతి ఇది. తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి వెళ్ళే రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ఉన్న చిన్న మెషీన్ షాపులో నేను ప్రోగ్రామర్‌ని. లోహాన్ని ఎలా కోయాలో మెషీన్‌కు చెప్పడం నా పని. మణవాళనగర్‌లో మా ఇంట్లో మాత్రం నేనేం చేస్తానో ఎవరికీ సరిగ్గా తెలియదు. "మా కోడలు కంప్యూటర్‌లో ఇనుము కోస్తుంది" అని మా అత్త వీధిలో అందరికీ చెబుతుంది. నిజానికి అంతకంటే బాగా నేనూ చెప్పలేను.

అయినా ప్రయత్నిస్తాను. చేయాల్సిన వస్తువు బొమ్మ కంప్యూటర్‌లో ఉంటుంది. తిరిగే కట్టర్ ఆ వస్తువు చుట్టూ ఏ దారిన నడవాలో క్యామ్ అనే సాఫ్ట్‌వేర్‌లో నేను గీస్తాను. ఆ దారిని టూల్‌పాత్ అంటాం. మామూలు మెషీన్‌లో కట్టర్ పక్కలకూ, ముందువెనకలకూ, పైకీ కిందికీ మాత్రమే కదులుతుంది. ఏళ్ళ తరబడి నేను చేసింది అదే. ఆ సంవత్సరం మా ఓనర్ భాస్కర్ అన్న ఒక పాత ఫైవ్ యాక్సిస్ మెషీన్ కొన్నాడు. అందులో వస్తువును బిగించిన బల్ల కూడా వాలుతుంది, తిరుగుతుంది. పచ్చి మామిడికాయ చెక్కు తీసేటప్పుడు ఒక చేత్తో కత్తి ఆడిస్తూ రెండో చేత్తో కాయను తిప్పుతాం కదా, అదే పద్ధతి.

చెప్పడం సులువే. నేర్చుకోవడంలో మాత్రం నాకు చుక్కలు కనిపించాయి. బల్లను ఒక కోణంలో వాల్చి బిగించేసి ఆ తర్వాత మామూలుగా కోయడం ఒక పద్ధతి, దాన్ని త్రీ ప్లస్ టూ అంటారు. అన్నీ ఒకేసారి కదులుతుండగా కోయడం సైమల్టేనియస్. అందులోనూ కట్టర్ కొనతో కోయాలా, స్వార్ఫ్ అని పక్క అంచుతో గీకాలా అన్నది చూసుకోవాలి. గుండ్రటి కట్టర్ నిటారుగా ఉంటే సరిగ్గా కొన దగ్గర అది కోయదు, ఊరికే రుద్దుతుంది. అందుకని కొంచెం వాల్చాలి. ఎక్కువ వాల్చితే దాన్ని పట్టుకున్న హోల్డర్ పోయి వస్తువును గుద్దుతుంది. ఇంగ్లీషు వీడియోలు ఆపి ఆపి చూస్తూ, సగం అర్థమైనదాన్ని చెక్క దిమ్మల మీద కోసి చూసుకుంటూ నేర్చుకున్నాను. ఆపరేటర్ జోసెఫ్ ఆ చెక్క ముక్కలన్నీ కిటికీలో వరసగా పేర్చి, "అక్క బొమ్మల కొలువు పెట్టింది" అని నవ్వేవాడు.

ఆ సమయంలో గజేంద్ర అన్న వచ్చాడు. తిరుత్తణిలో కృత్రిమ కాళ్ళు తయారుచేసే చిన్న వర్క్‌షాప్ ఆయనది. యాభై దాటిన మనిషి. ఆయనకూ ఒక కాలు తొడ దగ్గర నుంచి లేదు. పెట్టుకున్నది లాక్ మోకాలు. నిలబడితే అది బిగుసుకుపోతుంది, కాలు కర్రలాగా ఉంటుంది. కూర్చోవాలంటే చేత్తో లాక్ తీయాలి. నడిచేటప్పుడు ఆయన చూపు ఎప్పుడూ ఆ కాలి మీదే ఉండేది. మడుచుకునే మోకాలు, అదీ తేలికైనది, తనే డిజైన్ చేసుకుని వచ్చాడు.

"చూడమ్మా విజయా. నేను కూచుంటే ఇది మడవాల. నేను లేస్తే నాతో లెయ్యాల. నడస్తా ఉంటే దీని సంగతే నేను మరిసిపోవాల. నేనడిగేది అంతే."

"ముందుగా ఎవరికి పెడతారన్నా?" అని అడిగాను.

"నాకే. నేను పెట్టుకొని నడవకుండా ఇంకొకరికి ఎట్ల పెట్టేది? నామాదిరి వోళ్ళు శానామంది అడగతా ఉండారు. మొదట పడితే నేను పడాల."

ఆ మోకాలు అల్యూమినియం దిమ్మలోంచి తీయాల్సిన వస్తువు. ఒంపుల ఒళ్ళు, పైన అటూ ఇటూ రెండు చెవులు. రెండు చెవుల్లోనూ బేరింగులు కూర్చునే గుండ్రటి గూళ్ళు. ఒక పిన్ను ఈ బేరింగులోంచి ఆ బేరింగులోకి పోతుంది, మోకాలు మడుచుకునేది ఆ పిన్ను మీదే. బేరింగులు బయటివైపు నుంచి కూర్చోవాలి కాబట్టి ఒక గూడు ఇటునుంచి కోసి, బల్లను సగం చుట్టు తిప్పి, రెండోది అటునుంచి కోయాలి. ఆ రెండూ ఒకే గీత మీద ఉండాలి.

మొదటి శాంపిల్ చూడ్డానికి ముచ్చటగా వచ్చింది. కానీ పిన్ను బిగుతుగా పోయింది. మోకాలి ఒంటి మీద కూడా, రెండు వైపుల నుంచి కోసిన భాగాలు కలిసేచోట గోటికి తగిలేంత మెట్టు వచ్చింది.

"కొత్తది గదా. తిరగ్గా తిరగ్గా వదులవతాది," అన్నాడు భాస్కర్ అన్న.

గజేంద్ర అన్నకు ఆత్రం. మా బెంచీ మీదే కూర్చుని పాతది విప్పి కొత్తది బిగించుకున్నాడు. బెంచీ పట్టుకుని లేచాడు, వదిలాడు, నాలుగడుగులు వేశాడు. మోకాలు సగం మడుచుకుని అక్కడే పట్టేసింది. పక్కకు ఒరిగిపోతుంటే జోసెఫ్ పట్టుకోబోయాడు. ఇద్దరూ కలిసి కింద పడ్డారు.

"నాకేం కాలేదు. పడేది నాకేమన్నా కొత్తా?" అని లేచి కూర్చుని, కాలు విప్పుతూ నవ్వాడు. తర్వాత నవ్వు ఆపేసి అన్నాడు. "ఇంకొక్క మారు చూస్తాం. అదీ ఇట్లనే వస్తే ఈ డిజైన్‌ను మూటగట్టి అటక మీద ఏసేస్తా. నేనూ, నా దగ్గరికొచ్చేవోళ్ళూ ఇన్నేండ్లు కర్రకాలుతో ఉండలేదా? అట్లనే ఉంటాము."

ఆయన కోప్పడి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. ఆ మాటల్లో కోపం లేదు, అలవాటైపోయినతనం ఉంది.

తప్పు నాదేననుకున్నాను. కొత్తగా నేర్చిన విద్య కదా, అనుమానం ముందు దాని మీదికే పోతుంది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్లు ఉంటుందని మెషీన్‌ను ఒక్క మాట అనలేదు. టూల్‌పాత్‌లన్నీ తుడిచి మళ్ళీ మొదలుపెట్టాను. సైమల్టేనియస్‌లో బల్ల కదలాడుతూ ఉంటుంది కాబట్టి వణుకుతోందేమోనని కొన్నిచోట్ల త్రీ ప్లస్ టూకి మార్చాను. కట్టర్ వాలు ఉన్నట్టుండి మారకుండా నెమ్మదిగా మారేట్లు సరిదిద్దాను. పక్క అంచుతో గీకినచోట కొనతో కోసి చూశాను. ప్రతిసారీ సిమ్యులేషన్‌లో, అంటే కోయడానికి ముందు స్క్రీన్ మీద చూసుకునే నకలులో, అంతా పచ్చగా, నున్నగా కనిపించేది. చెక్క మీద కోస్తే ఆ మెట్టు ఇక్కడినుంచి అక్కడికి జరిగేదే తప్ప పోయేది కాదు.

భాస్కర్ అన్న మాటల్లో చెన్నై పక్కన అంబత్తూరు నుంచి ఎవరో ప్రోగ్రామర్‌ను పిలిపించే సంగతి రెండు మూడుసార్లు దొర్లింది. నాకు వినబడాలనే అన్నాడో, వినబడకూడదనుకున్నాడో తెలియదు.

భాస్కర్ అన్న అమ్మను మేమంతా అవ్వ అంటాం. వెనకింట్లోనే ఉంటుంది, మధ్యాహ్నం మాకు మజ్జిగ తెస్తుంది. ఆ రోజు నా బల్ల దగ్గర నిలబడి, "ఏమ్మే, కూడు తినకుండా ఆ డబ్బాను చూస్తా కూచుంటే అదేమన్నా చెప్తాదా? లేసి మొగం కడుక్కో పో," అంది. వెళ్ళి కడుక్కున్నాను. చన్నీళ్ళు మొహాన పడ్డాక ఒక మొద్దు ఆలోచన వచ్చింది. ఈ ఒంపులూ వాలులూ అన్నీ వదిలేసి, రెండువైపుల నుంచి రెండు బెజ్జాలు మాత్రం వేస్తే?

మిగిలిపోయిన అల్యూమినియం దిమ్మను బిగించమన్నాను. ఇటునుంచి ఒక బెజ్జం, సగం చుట్టు తిప్పి అటునుంచి ఒకటి. అందులో నా పనితనం ఏమీ లేదు, నిన్న చేరినవాళ్ళయినా రాయగలిగిన ప్రోగ్రాం. రెండు బెజ్జాలూ కలవలేదు. పిన్ను మధ్యలోనే ఆగింది.

నాకు ఏడుపూ సంతోషమూ ఒకేసారి వచ్చాయి. నా టూల్‌పాత్ తప్పు కాదు. ఈసారి నిజంగానే మద్దెల ఓడు.

బల్ల ఏ బిందువు చుట్టూ తిరుగుతుందో మెషీన్‌కు ఖచ్చితంగా తెలియాలి. అది తేడాగా తెలిస్తే ఒక్కవైపు నుంచి చేసే పనుల్లో బయటపడదు, తిప్పి కోసినప్పుడే పడుతుంది. అంతకుముందు మేం చేసినవన్నీ ఒక్కవైపు పనులే. ఆ బిందువును కొలిచేది ప్రోబ్ అనే పరికరం. దాని సన్నటి కాడ చివర చిన్న రూబీ గుండు, ఎర్రటిది, ఉంటుంది. అది దేనికైనా తగిలితే మెషీన్ ఆ చోటును గుర్తుపెట్టుకుంటుంది. జోసెఫ్ మళ్ళీ కొలిచాడు, వెనకటి లెక్కే వచ్చింది. ఇంకోసారి కొలిచాడు, అదే.

"ఇన్ని మార్లు ఒకే లెక్క వస్తా ఉండాదంటే సరిగానే ఉండాల గదక్కా?" అన్నాడు.

నాకూ అలాగే అనిపించింది. కానీ వంకర కొలబద్దతో ఎన్నిసార్లు కొలిచినా ఒకే కొలత వస్తుంది కదా. ప్రోబ్ పక్కన పెట్టి, కట్టర్‌ను తిప్పే స్పిండిల్‌కు ముల్లున్న పాత డయల్ గేజ్ తగిలించి, ఒక ఉంగరం లోపలి అంచు చుట్టూ చేత్తో తిప్పి దాని నడిబొడ్డు ఎక్కడుందో పట్టుకున్నాము. తర్వాత అదే ఉంగరాన్ని ప్రోబ్‌తో కొలిచాము. రెండూ కలవలేదు. అబద్ధం చెబుతున్నది ప్రోబ్.

"దాన్ని ఎవురూ తాకలేదక్కా," అన్నాడు జోసెఫ్, మొహం చిన్నబుచ్చుకుని. "రాయిని ముట్టుకోవద్దని నువ్వు చెప్పినప్పటినుంచి నేను తుడిచేది గూడా లేదు. సత్యంగా."

నిజమే. రూబీని చేత్తో తాకవద్దని అందరికీ గట్టిగా చెప్పింది నేనే. దూదికి స్పిరిట్ అద్ది ఆ గుండును మెల్లిగా తుడిచాను. దూది ఎర్రబడింది.

"అక్కా, రంగు దిగతా ఉండాది! రాయి గదా అది?"

ఇంకోసారి తుడిస్తే దాని కింద తెల్లటి చందనం వచ్చింది. అప్పటికి ఇద్దరికీ అర్థమైంది. ఆయుధపూజ రోజు పనిముట్లన్నీ మెషీన్ బల్ల మీద పరిచి చందనం, కుంకుమ పెట్టాము. పూజ అయ్యాక అన్నీ తుడిచాము, ప్రోబ్ కాడతో సహా. ముట్టుకోకూడదు కాబట్టి రూబీని మాత్రం తుడవలేదు. ఎర్రరాయి మీద ఎర్ర కుంకుమ ఎవరికి కనిపిస్తుంది? పూజ తర్వాత మేం తీసిన కొలతలన్నీ ఒకవైపు ఎండి అట్టకట్టిన ఆ పొర మీదే నిలబడ్డాయి. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్లు నేను సాఫ్ట్‌వేర్ అంతా గాలించాను.

నాకు మొదట ఒళ్ళు మండింది. అన్ని రోజుల పాటు నన్ను నేను తిట్టుకున్నదంతా గుర్తొచ్చింది. భాస్కర్ అన్న అయితే అమ్మను కేకేసి పిలిచాడు.

"అమ్మా, దీనికి బొట్టు పెట్టింది నువ్వేనా?"

"అవును, నేనే. ఏం, తప్పా?" అంది అవ్వ. "సుత్తికి పెట్టినా. స్పానర్లకు పెట్టినా. కసువూడ్చే పొరకకు గూడా పెట్టినా. అంత అందమైన రాయి, ముక్కుపుడక మాదిరి మెరస్తా ఉంటే దానికొక్కదానికి పెట్టకుండా వస్తే అదేమనుకుంటాది?"

జోసెఫ్ అటు తిరిగి భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు. నా కోపం కూడా అక్కడే దిగిపోయింది. ఆమె తన పద్ధతిలో ఏదీ వదలకుండా చేసింది. మేమూ మా పద్ధతిలో రాయిని తాకకుండా కాపాడాము. రెండు జాగ్రత్తలూ కలిసి గజేంద్ర అన్నను కింద పడేశాయి.

రూబీని శుభ్రం చేసి, బల్ల తిరిగే బిందువును కొత్తగా కొలిచి, రెండో మోకాలు కోశాము. వెతుకులాటలో నేర్చుకున్న పద్ధతులేవీ వృథా కాలేదు. మోకాలి ఒళ్ళంతా ఎక్కడా మెట్టు గోటికి తగలకుండా వచ్చింది. బేరింగులు పెట్టి పైనుంచి పిన్ను వదిలితే తన బరువుకు తానే రెండింట్లోంచీ జారి కింద నా అరచేతిలో పడింది. నేను ఆ పిన్నును మళ్ళీ మళ్ళీ జార్చి చూసుకున్నాను. సంతోషంగా ఉంది, దాచుకోను.

గజేంద్ర అన్న బిగించుకుని లేచాడు. బెంచీ పట్టుకుని నడిచాడు, వదిలి నడిచాడు. కూర్చున్నాడు, మోకాలు మడుచుకుంది. లేచాడు, అది కూడా లేచింది. అప్పుడు అవ్వ కుంకుమ భరిణె పట్టుకుని వస్తుంటే మేం ముగ్గురం ఒక్కసారే అరిచాం, "వద్దు!" అని.

సంగతంతా అప్పటికే విన్న గజేంద్ర అన్న పంచె కాస్త పైకి లాగి పిక్క చూపించాడు. "మోకాలికి వద్దు అవ్వా. ఈడ పెట్టు. ఇది కొలిచేది గాదు, మోసేది."

అవ్వ వంగి ఆ ప్లాస్టిక్ పిక్కకు నిండుగా బొట్టు పెట్టింది.

ఇప్పుడు మా షాపులో కొత్తగా చేరి టూల్‌పాత్‌లు నేర్చుకునేవాళ్ళకు మొదట రెండువైపుల నుంచి రెండు బెజ్జాలు వేయించి పిన్ను దూర్చమంటాను. అది సరిపోయాకే ఒంపుల జోలికి పోవాలి. కొత్త విద్య నేర్చుకునేవాళ్ళు తమను తాము ఎంత సులువుగా దోషిని చేసుకుంటారో నాకు తెలుసు. రూబీకి నేనే ఒక చిన్న అల్యూమినియం టోపీ కోసి పెట్టాను. ఆయుధపూజకు అవ్వ దానికి బొట్టు పెడుతుంది, పూజయ్యాక టోపీ తీసేస్తాం.

కొన్ని వారాల తర్వాత గజేంద్ర అన్న మళ్ళీ వచ్చాడు, తన దగ్గరకు వచ్చేవాళ్ళ కోసం మోకాళ్ళు చేయమని చెప్పడానికి. తిరిగి వెళ్ళేటప్పుడు జోసెఫ్‌తో ఏదో వాదిస్తూ, చెయ్యి తిప్పుతూ నడుస్తున్నాడు. మా గేటు కింద ఎత్తుగా ఇనుప పట్టీ ఉంటుంది. మేమే అప్పుడప్పుడు దానికి కాలు తగిలి తూలుతాం. ఆయన మాట ఆపలేదు, కిందికి చూడలేదు. దాటి రోడ్డు మీదికి వెళ్ళిపోయాడు.