చెల్లెలి లెన్సులకు నేను పెట్టిన పరీక్ష

పోయిన ఆదివారం కనిగిరి నుంచి పిన్ని ఫోన్ చేసింది. వాళ్ల అమ్మాయికి పద్నాలుగేళ్లు, అద్దాలు తీసేసి కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుంటానని వారం రోజులుగా అన్నం దగ్గర అలుగుతోందట. "అప్పుడు మీ చెల్లెలికి పదకొండు పాయింట్లు రాసి పరీక్ష పెట్టినావంట గదా. ఆ కాయితం ఫొటో తీసి పంపు నాయనా, మా పిల్లకు గూడా పెట్టి చూస్తా" అంది. వెతికాను, దొరకలేదన్నాను. అబద్ధం. నా సెమిస్టరు మార్కుల కాగితాల వెనక ప్లాస్టిక్ కవరులో అది భద్రంగా ఉంది. ప్రేమతో దాచింది కాదు. నేను ఏ కాగితమూ పారేయను, అంతే. పంపకపోవడానికి కారణం వేరు. ఆ పదకొండింటిలో ఏ ఒక్కటీ తప్పు కాదు, ఇవాళ ఏ కంటి డాక్టరుకు చూపించినా సరేనంటారు. అయినా ఆ కాగితంతో ఇంకో పిల్లను కొలవడం నాకు ఇష్టం లేదు.

మార్కాపురంలో మా ఇల్లు నాయన పలకల ఫ్యాక్టరీకి ఆనుకునే ఉండేది. రాయి కోసే చోటుకూ మా వంటింటి కిటికీకీ మధ్య ఇరవై రెండు అడుగులు. బూడిద రంగు పొడి పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి మళ్లీ వేలితో పేరు రాసుకునేంత పేరుకునేది. పెరుగు మీద, పుస్తకాల మీద, నాయన కనుబొమల మీద అదే రంగు. ఆ ఇంట్లో మైనస్ ఐదు పవరున్న నా చెల్లెలు కబడ్డీ ఆడేది. మామూలుగా ఆడడం కాదు, కూతకు వెళ్లిందంటే ఎదుటి జట్టు పిల్లలు ముందే వెనక్కి జరిగేవాళ్లు. అద్దాలకు ఎలాస్టిక్ కట్టుకుని ఆడేది. రెండుసార్లు పగిలాయి. రెండోసారి కనుబొమ మీద మూడు కుట్లు పడ్డాయి. ఆ తర్వాత అద్దాలతో బరిలోకి రానివ్వనని బడిలో వ్యాయామం సారు తేల్చేశాడు. వేసవి సెలవుల్లో ఒంగోలులో జిల్లా సెలక్షన్లు. ఆ వయసు విభాగంలో ఆమెకు అదే ఆఖరి ఏడు.

నాయన మా ఇద్దరినీ ఒంగోలులో ఒక కంటి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆవిడ కొలతలు తీసి, చూడమని ఒక జత లెన్సులు పెట్టింది. చెల్లెలు కిటికీ దగ్గరికి వెళ్లి రోడ్డు అవతల దుకాణాల బోర్డులు వరుసగా చదివింది, ఫోన్ నంబర్లతో సహా. "కన్ను బాగుంది. కానీ మీరు చెప్పే దుమ్ములో, ఆ నీళ్లతో, పిల్ల శుభ్రంగా వాడుకుంటుందా లేదా అన్నది ఇంట్లోవాళ్లు చూసుకోవాలి" అంది డాక్టరమ్మ. తిరుగు బస్సు పొదిలి దాటాక నాయన నా వైపు తిరిగాడు. "నువ్వు చదువుకున్నోనివి. అది జాగర్తగా ఉంటదా లేదా నువ్వే తేల్చు. నువ్వు ఊ అంటే తెప్పిస్తా, లేదంటే లేదు." నాకు అప్పుడు ఇరవై. మెకానికల్ రెండో ఏడు. తయారైన వస్తువును ఎలా తనిఖీ చేయాలో, ఎప్పుడు తిప్పి పంపాలో ఆ సెమిస్టరులోనే చదివాను. నాకెందుకు నాయనా అని ఒక్క మాట అనాల్సింది. అనలేదు. సంతోషపడ్డాను.

మర్నాడే పరీక్ష తయారైంది. పాల ప్యాకెట్టు కవరును పంచింగ్ మిషనుతో కొట్టి రెండు బిళ్లలు తీశాను. అవే లెన్సులు. వాటికో చిన్న డబ్బా. పొద్దున ఏడింటికి చేతులు సబ్బుతో కడిగి, పోగులు రాలని శుభ్రమైన గుడ్డతో తుడిచి, బిళ్లలు తీసి పక్కన పెట్టాలి. అప్పటి నుంచి సాయంత్రం వాటిని తిరిగి డబ్బాలో పెట్టేదాకా కళ్లలో లెన్సులు ఉన్నట్టే లెక్క. కన్ను నలపకూడదు, నీళ్లు చల్లుకోకూడదు, పగలు కునుకు తీయకూడదు. ఇలా పదకొండు. వరసగా పద్నాలుగు రోజులు ఒక్క ఇంటూ మార్కు పడకూడదు. పడితే మళ్లీ ఒకటో రోజు నుంచి. సెలక్షన్లు పద్దెనిమిదో రోజున. ఇవన్నీ గోడ మీద అంటించి, పక్కన పెన్ను వేలాడదీశాను.

రెండో రోజుకే ఆమె నన్ను అన్నా అనడం మానేసింది. అమ్మతో చెప్పించేది. "కడుక్కున్నానని ఆ సారుకు చెప్పుమా. వాసన చూస్తాడేమో, చెయ్యి చాపమంటే చాపుతా."

"గోళ్ల కింద కూడా కడగాలని చెప్పమ్మా" అనేవాణ్ణి నేను.

"మిషన్లు చదివినోళ్లు మిషన్లకు మార్కులేసుకోవాల. మనుషులు దొరికినారు పాపం."

నీళ్ల ట్యాంకరు మా వీధికి నాలుగు రోజులకొకసారి వచ్చేది. అమ్మకు అసలు కోపం అక్కడ. "మీ ఇద్దరి పంతానికి డ్రమ్ములో నీళ్లు సగమైనాయి. ఆ బిళ్లలు నూనెలో వేయించి పెడతా, తిని ఊరుకోండి" అనేది. అరుగు మీద కూర్చున్న అవ్వ, నాయన తల్లి, మాకందరికీ వినబడేట్టు గొణిగేది. "కంట్లో ప్లాస్టిక్కు పెట్టుకునేదానికి ఇన్ని సూడాల్నా. నన్ను పెండ్లికి సూసేదానికి వచ్చినోళ్లు గూడా ఇంతసేపు సూడల్యా."

అవ్వ గురించి ఒక మాట చెప్పాలి. ఫ్యాక్టరీలో ఎవరి కంట్లో నలుసు పడినా అవ్వ దగ్గరికే వచ్చేవాళ్లు. తల వెనక్కి వంచమని, కొంగు కొసను వత్తిలా మెలిపెట్టి, దానిమీద నోటితో వేడి గాలి ఊది, రెప్ప మడిచి ఒక్క దులుపుతో తీసేసేది. పలకలకు ఫ్రేములు బిగించే ఆడవాళ్లు డాక్టరు పేరు ఎత్తేవాళ్లు కాదు. ఆ పని అవ్వకు గొప్ప. ఆ కొంగుతోనే పొద్దున పప్పు గిన్నె దించేది, ముక్కు తుడుచుకునేది. ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. నా పదకొండు పాయింట్లలో కొంగు లేదు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం గాలి లేచింది. నాయనకు అన్నం క్యారియరు ఇచ్చి వస్తున్న చెల్లెలు ఎడమ కన్ను మూసుకుని ఇంట్లోకి వచ్చింది. నీళ్లు కారుతున్నాయి. చేతులు రెండూ వెనక్కి కట్టుకుంది, పొరపాటున నలుపుతానేమోనని. అవ్వ అప్పటికే కొంగు మెలిపెట్టింది.

"ఇట్ల రామ్మా. తల వంచు."

"వద్దవ్వా."

"ఏంది వద్దు? గుడ్డు మీద గీసుకుంటాది, రా."

"కొంగు వద్దవ్వా. లెన్సుంది. నేనే తీసుకుంటా."

"యాడుంది లెన్సు? పాల కవరు గదా అది" అంది అవ్వ. నవ్వబోయి ఆగిపోయింది. చెల్లెలు వెనక్కి రెండడుగులు వేసింది. అవ్వ చేతిలోని కొంగు అలాగే ఉండిపోయింది. మా ఇంట్లో ఆ కొంగును అంతకుముందు ఎవరూ కాదనలేదు. చెల్లెలు ఒక కంటితోనే డ్రమ్ము దాకా నడిచి, సబ్బుతో కడుక్కుని, గుడ్డ కోసం తడిమింది. తీగ మీది గుడ్డ గాలికి ఎగిరి పొడిలో పడి ఉంది. దాన్ని వదిలేసి చున్నీతో తుడుచుకుని, కింది రెప్ప లాగి నలుసు తీసుకుంది. నేను గోడ దగ్గరికి వెళ్లి నాలుగో పాయింటు ఎదురుగా ఇంటూ పెట్టాను. శుభ్రమైన గుడ్డ.

ఎర్రబడిన కంటితో ఆ ఇంటూ చూసింది. ఏడు రోజుల తర్వాత నాతో నేరుగా మాట్లాడింది. "అవ్వకే వద్దని చెప్పినా. నువ్వు చూసినావు."

"చూసినా. చున్నీ వాడినావు."

"అయితే మళ్లా ఒకటి నుంచా?"

"ఒకటి నుంచి."

నాయనను అడిగింది. "వానికి అప్పజెప్పినా గదమ్మా" అని ఆయన చెప్పుల వైపు చూశాడు. అవ్వ రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఇంకొకటి కూడా చెప్పాలి. అంతకు మూడు రోజుల ముందు నా కంట్లోనూ నలుసు పడింది. మెట్టు మీద కూర్చుని, తల వెనక్కి వంచి, అవ్వ కొంగుకు నోరు మూసుకుని కన్ను అప్పగించాను. ఇంటూ పెడుతున్నప్పుడే అది గుర్తొచ్చింది. కొట్టేయలేదు. కొట్టేస్తే ఆమె గెలుస్తుంది. అప్పుడు నా తలలో ఉన్న లెక్క అదొక్కటే. కాగితంలో ఉన్నవన్నీ ఆ లెక్కకు కప్పిన గుడ్డ.

పద్దెనిమిదో రోజున నాయనతో ఒంగోలు వెళ్లింది. అద్దాలు లేకుండా, లెన్సులు లేకుండా. జరిగింది నాయన చెప్పాడు. మొదటి కూతలో ఒకరిని తాకి వచ్చిందట. రెండో కూతలో ఇద్దరిని తాకి వెనక్కి పరుగెత్తుతూ, నేల మీద మట్టి చెదిరి తెల్లగా కనబడిన చోటును నడి గీత అనుకుని ఆగిందట. అసలు గీత ఇంకొక అడుగు ముందుంది. చేయి ఎత్తి నవ్వుతూ నిలబడితే వెనక నుంచి నడుము పట్టుకుని లాగేశారట. మూడోసారి పంపలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చి నేరుగా నా గదిలోకి వచ్చింది. బిళ్లల డబ్బా నా పుస్తకం మీద పెట్టింది. "నీ పద్నాలుగుకు ఇంకా ఐదు రోజులుండాయి. రేప్పొద్దున గూడా కడుక్కోవాల్నా?"

మర్నాడు ఏడింటికి ఆమే డ్రమ్ము దగ్గర నిలబడింది. ఆ ఐదు రోజులూ ఒక్క తప్పు లేకుండా చేసింది, కావాలని, నా కళ్లముందు. ఐదో రోజు కాగితం గోడ నుంచి పీకి తెచ్చి సంతకం పెట్టమంది. పెట్టాను. మూడు రోజులకు లెన్సులు వచ్చాయి. ఇంటర్ గిద్దలూరులో చదివింది, ఆ కాలేజీలో కబడ్డీ లేదు. రెండేళ్లకు మళ్లీ అన్నా అంది, అదీ బస్సు పాసు కోసం. ఇప్పుడు బాగానే మాట్లాడుకుంటాం, ఆ వేసవి మాట తప్ప. పద్నాలుగు రోజులు పెద్ద వ్యవధి కాదని అప్పుడు నిజంగానే నమ్మాను. ఇరవై ఏళ్లవాడికి వాయిదా వేసినవన్నీ ముందెక్కడో కాచుకుని ఉన్నట్టే అనిపిస్తుంది. పదిహేనేళ్ల పిల్లకు మాత్రం ఆ వేసవి ఆ నెలాఖరుతోనే అయిపోయింది, మరి రాలేదు.