'ఊరికి' అని రాసిన అట్టపెట్టెలు

మా చిన్నప్పుడు... శుక్రవారం వచ్చిందంటే నా పని అట్టపెట్టె మీద కూర్చోవడం. కువైట్‌లోని అబ్బాసియాలో మూడో అంతస్తు, రెండు గదుల ఫ్లాటు. నాన్న పెట్టెకు టేపు చుట్టేటప్పుడు మూత పైకి లేవకుండా బరువు కావాలి కదా, ఆ బరువు నేనే. "కదలొద్దు పాపా" అని నాన్న, "ఇంకో రెండు సబ్బులు పడతాయేమో సూడు" అని అమ్మ... చివర్లో నాన్న లావు మార్కర్‌తో నాలుగు వైపులా 'ఊరికి' అని రాసి కార్గోకు వేసేవాడు.

ఊరంటే రాజంపేట. కువైట్ సంపాదనతో అక్కడ ఇల్లు కట్టారు, గృహప్రవేశం చేశారు, తాళం వేసి వచ్చేశారు.

ఇక మంచి వస్తువు ఏది కొన్నా ఆ ఇంటికే. మెత్తటి తువ్వాళ్ళు, పూల దుప్పట్లు, గాజు గిన్నెలు... మేము మాత్రం అంచులు ఊడిన తువ్వాళ్ళతో ఒళ్ళు తుడుచుకునేవాళ్ళం. నాకు ఎనిమిదేళ్ళప్పుడు గులాబీ రంగు గౌను కొన్నారు. వేసుకుంటానని ఒకటే ఏడుపు. "ఊరికి పోయినాక ఏసుకుందువులే, ఈడ ఎవరు సూస్తారు?" అంది అమ్మ. ఎప్పుడు పోతామని అడిగితే నాన్నది ఎప్పుడూ ఒకటే జవాబు. "వచ్చే ఏడు."

ఆ వచ్చే ఏడు ముప్పై ఏళ్ళయినా రాలేదు... సెలవుల్లో వెళ్ళినా చుట్టాల ఇళ్ళలో, పెళ్ళిళ్ళలో నెల గడిచిపోయేది. పెట్టెలు విప్పితే చూసినవాళ్ళందరికీ పంచాల్సి వస్తుందని అమ్మ భయం కూడా. కార్గో వచ్చినప్పుడల్లా ఊర్లో ఉండే చిన్నాన్న ఆ ఇంట్లో పేర్చి తాళం వేసేవాడు. ముందు వెనక గది నిండింది, తర్వాత హాలు, ఆ తర్వాత వంటిల్లు.

నాన్న పోయి నాలుగేళ్ళు. అమ్మ నా దగ్గరే, అదే మూడో అంతస్తులో. లిఫ్టు లేదు. మోకాళ్ళు అరిగిపోయాయి, ఆపరేషన్ చేయించాలన్నాడు డాక్టరు. "ఇల్లు సర్దుకున్నాక ఊర్లో చేపించుకుంటా" అంటుంది. లిఫ్టున్న ఫ్లాటుకు మారదామంటే "వచ్చే ఏడు పోతాం కదా, దండగ" అంటుంది. నాన్న మాటే ఆమెకూ పట్టుకుంది.

మొన్న వానలకు ఆ ఇంటి స్లాబు కారుతోందని చిన్నాన్న వీడియో తీసి పంపాడు. తలుపు అడుగు మేర తెరుచుకుని ఆగిపోయింది. లోపల కప్పుదాకా పెట్టెలే, వాటి నిండా చెదలే. ఒకటి కోసి చూపించాడు. పాలపొడి డబ్బాలో రాయిలా గడ్డకట్టింది. దుప్పటి పట్టుకుంటే పొడిపొడిగా రాలింది. అడుగున నా గులాబీ గౌను... ధర చీటీ కూడా తీయలేదు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది.

ఆ వారమే ఒక బేరం వచ్చింది. పాత ఇళ్ళు కొని, పడగొట్టి, షాపులు కట్టే మనిషి. ఫోనులో మొహమాటం లేకుండా చెప్పాడు. "నాకు గావాల్సింది జాగామ్మా. లోపల ఏమున్నా నాకు పన్లేదు, ఉన్నది ఉన్నట్లు ఇచ్చేయండి. డబ్బు మొత్తం ఒక్కసారే ఇస్తా. సర్దుకుంటాం, ఏరుకుంటాం అంటే మాత్రం నేనాగను. గురువారం లోపల చెప్పండి."

అమ్మ ససేమిరా అంది. "నేను పోయి ఒక్కో పెట్టె ఇప్పి సూసినాకే అమ్మేది. మీ నాయన కష్టమంతా దాంట్లోనే ఉండాది." మూడు రోజులు నాతో మాట్లాడలేదు. "వదినను బాధపెట్టొద్దు పాపా" అని చిన్నాన్న కూడా అన్నాడు.

నేను వెనక్కి తగ్గదలుచుకోలేదు. ఆమె వెళ్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఆ మోకాళ్ళతో ఆ పెట్టెల మధ్య కూర్చుని, ఒక్కటీ పారేయలేక అక్కడే ఉండిపోతుంది.

బుధవారం సాయంత్రం మిర్కాబ్‌లో ఆఫీసు వదలగానే ఇంటికొచ్చి, ఇల్లు అమ్మే అధికారమిస్తూ చిన్నాన్న పేర రాయించిన పవర్ ఆఫ్ అటార్నీ కాగితాలు ఆమె ముందు పెట్టాను. పక్కనే ఫోనులో ఆ వీడియో పెట్టాను. అది కఠినమైన పనే... తెలిసే చేశాను.

"అమ్మా, ఆ గౌను నాకిప్పుడు పడుతుందా?"

"నీకెట్ల పడతాదే..."

"మరి ఎవరి కోసం ఏరతావు?"

వీడియోను మళ్ళీ మొదటి నుంచి పెట్టుకుని చూసింది. "మీ నాయన ఆ ఇంట్లో వరసగా పది దినాలన్నా నిద్ర చేయలేదు పాపా" అంది. అప్పుడు ఇద్దరం ఏడ్చాం.

గురువారం లీవు పెట్టి ఎంబసీకి తీసుకెళ్ళాను. ఇష్టపూర్వకంగానే సంతకం చేస్తున్నారా అని అక్కడి ఆయన హిందీలో అడిగితే, "ఖలాస్ బాబా, ఖలాస్" అని, ఇక అంతా అయిపోయిందన్నట్టు పెన్ను లాక్కుంది అమ్మ.

ఇల్లు పెట్టెలతో సహా అమ్ముడుపోయింది. గౌనొక్కటి తీసిపెడతానన్నాడు చిన్నాన్న. వద్దన్నాను. ఒకటి తీస్తే అమ్మ రెండోది అడుగుతుంది.

లిఫ్టున్న ఫ్లాటుకు మారాం. ఆపరేషన్ వచ్చే నెల.

నిన్న అమ్మ తన సూట్‌కేసులోంచి పాత చీరలో చుట్టిన నాన్న ఫొటో తీసింది. "పాపా... ఈ గోడకు మేకు కొడితే హారిస్ ఏమన్నా అంటాడా?" అని అడిగింది. హారిస్ అంటే మా బిల్డింగు కాపలా మనిషి. ఇన్నేళ్ళలో ఈ దేశంలో మేము గోడకు ఒక్క మేకు కొట్టలేదు, ఎలాగూ వెళ్ళిపోయేవాళ్ళమే కదా అని. ఇంట్లో సుత్తి కూడా లేదు. రోటి బండతో నేనే కొట్టాను. ఫొటో కొంచెం వంకరగా వచ్చింది, అయినా అమ్మ సరిచేయనివ్వలేదు.

ఇప్పుడు ఏది కొన్నా ఆ రోజే విప్పి వాడేస్తున్నాం... నాన్న ఉన్నప్పుడే ఇలా బతకడం ఎందుకు తెలియలేదో!

గల్ఫ్‌లో పెరిగిన మీ ఇళ్ళలో ఇంకా ఏం దాచి ఉంచారు? ముందు విప్పండి... తర్వాత వచ్చి ఇక్కడ రాయండి.