‘కిందికన్నా లాగనీ అబ్బీ’ అన్న మా సునీతక్క

నిన్న పొద్దున ఆఫీసు షట్టర్ తీస్తుంటే ఫోన్ వచ్చింది. సునీతక్క తమ్ముడు.

“అక్క పోయిందప్పా.”

“యాడికి?” అన్నాను.

అలా ఎందుకు అడిగానో ఇప్పటికీ తెలియదు. తాళం చేతిలో పట్టుకుని మెట్ల మీదే కూర్చుండిపోయాను.

సాయంత్రం ఆళ్లగడ్డలో మట్టి చేసి వచ్చాం. ఒళ్లంతా బరువుగా ఉంది. నిద్ర రావడం లేదు, వేరే పని చేయబుద్ధి కావడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం... నంద్యాలలో మాది ఇద్దరం నడిపే చిన్న వెబ్ డిజైన్ ఆఫీసు. నేను, సునీతక్క. సొంత అక్క కాదు. కానీ అడక్కుండా నా టిఫిన్ బాక్సులో చెయ్యి పెట్టే హక్కు ఆమెకొక్కదానికే ఉండేది.

ఆళ్లగడ్డలో రాతి శిల్పాలు చెక్కే ఓబులేసన్నకు వెబ్‌సైట్ చేశాం. విగ్రహాలు, సమాధి రాళ్లు ఆర్డర్ మీద చేస్తాడాయన. పేజీలో “మీకేం కావాలో రాయండి” అని ఒక డబ్బా. మూల పట్టుకుని లాగితే పెద్దదవుతుంది.

ఒకరోజు ఓబులేసన్న ఫోన్లో అరిచాడు.

“ఏందప్పా ఇది! లాగితే నా బొమ్మల మీదికి వస్తాంది. తీసేయండి.”

పేజీ రూపాన్ని చెప్పే సీఎస్ఎస్ కోడ్‌లో ఒక్క లైను. రీసైజ్ నన్, అంటే లాగినా సైజు మారదు. డబ్బా రెండు లైన్ల ఎత్తులో కదలకుండా ఉండిపోయింది. అప్పటికి మా ఇద్దరికీ అదే సరి అనిపించింది.

కొన్నాళ్లకు ప్యాపిలి నుంచి ఒక పెద్దామె ఆర్డర్ వచ్చింది. భర్త సమాధి రాయి మీద పిల్లలందరి పేర్లు చెక్కాలని. ఓబులేసన్నకు పంపేశాక అక్క దాన్ని మళ్లీ చదివింది. ఒక కొడుకు పేరు రెండుసార్లు ఉంది.

“ఒకే ఇంట్లో ఇద్దరికి ఒకే పేరు పెడతారా?” అంటూ ఆమెకు ఫోన్ చేసి స్పీకర్ ఆన్ చేసింది.

ఆమె పేర్లన్నీ అక్కతో ఒక్కొక్కటిగా చదివించుకుంది.

“మా పెద్దబిడ్డ పేరు రాల్యాదా తల్లీ? నెట్ సెంటర్‌లో కూర్చోని రాస్తి. కింద రాస్తాంటే పైన రాసింది కనపడకపాయ. ఆ బిడ్డ ముందే వాళ్ల నాయన మీద బెంగతో ఉండాది.”

అక్క వెంటనే ఓబులేసన్నకు ఫోన్ చేసింది. రాయి మీద పేర్లు సుద్దతో రాసి ఉన్నాయట.

“ఇంగా ఉలి పెట్టల్యాదమ్మా” అన్నాడు.

అక్క కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది.

ఆ మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా ఆ డబ్బా ముందేసుకుని కూర్చుంది. మళ్లీ లాగనిస్తే ఓబులేసన్న తిడతాడక్కా అన్నాను.

“పక్కకు వద్దు. కిందికన్నా లాగనీ అబ్బీ. మనుషులు చెప్పుకునేదంతా మనం కొలిచిన డబ్బాలో పడతాదా?”

రీసైజ్ వర్టికల్, అంటే నిలువుగా మాత్రమే సాగుతుంది.

మరీ చిన్నది కాకుండా, పేజీ అంతా మింగేయకుండా హద్దులు పెట్టింది. లాగినప్పుడు ఫొటోలు కిందికి జరిగేలా సర్దింది. ఫోన్లో ఆ మూల పట్టుకోవడం కష్టమని, అక్కడ రాసేకొద్దీ డబ్బా దానంతటదే పెరిగేలా చేసింది.

ఓబులేసన్న ఆఫీసుకే వచ్చి, మౌస్ పట్టుకుని లాగి చూశాడు. పైకి, కిందికి.

“నా బొమ్మల మీదికి రాకపోతే సాలు. ఉండనీ.”

ప్యాపిలి రాయి మీద పెద్దబిడ్డ పేరు అందరికంటే ముందు పడింది.

ఆ తర్వాతే అక్కకు కిడ్నీ జబ్బు బయటపడింది. డయాలసిస్ చేయించుకుని ఆస్పత్రి నుంచి నేరుగా బస్సెక్కి ఆఫీసుకు వచ్చేది. ఇంటికి పో అక్కా అంటే, “ఇంట్లో జబ్బే కనపడతాది. ఈడ పనన్నా కనపడతాది” అనేది.

చివరి నెలల్లో ఆ మాట కూడా అనలేదు. కుర్చీలోనే కునుకు తీసేది. నేను చప్పుడు చేయకుండా పని చేసుకునేవాడిని.

పోయిన వారం, “ఇంగ నాతో కాదు అబ్బీ” అంది. రెస్ట్ తీసుకుని వస్తావులే అన్నాను.

ఆమె నమ్మలేదు. నేనూ నమ్మలేదు.

నిన్న సమాధుల తోటలో పాస్టర్ గారు ప్రార్థన చేస్తుంటే, ఓబులేసన్న అందరికంటే వెనక నిలబడి ఉన్నాడు. పిడికెడు మట్టి వేసి, నా భుజం మీద చెయ్యి పెట్టి వెళ్లిపోయాడు.

అక్క వాళ్లమ్మ, “అన్నం తిని పో నాయనా, పొద్దుట్నుంచి ఏం తిన్నావో ఏమో” అంది. తిన్నాను. రుచి తెలియలేదు.

ఈరోజు ఆఫీసుకు పోలేదు. రేపు పోవాలి.

పడుకో అక్కా. సూదులు, మందులు, బస్సు ప్రయాణాలు అన్నీ అయిపోయాయి.

ప్రభువు దగ్గర నీకు నొప్పి తెలియని నిద్ర దొరకాలి.